నాలుగో గడప

రిటైరై తొమ్మిదేళ్లయినా, పొద్దున తొమ్మిదింపావు అయ్యేసరికి కుప్పయ్య కుడిచెయ్యి ఊరుకోదు. కాఫీ గ్లాసు పట్టుకుని ఉంటే గ్లాసు కదులుతుంది, పేపరు పట్టుకుని ఉంటే పేపరు కదులుతుంది. పుత్తూరు హైస్కూల్లో ముప్పైమూడేళ్లు గంట కొట్టిన చెయ్యి అది. వేపచెట్టు కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క, మూరెడు ఇనుప కడ్డీ, ఆ రెంటి మధ్యా కుప్పయ్య. ఇప్పుడు బడిలో కరెంటు గంట పెట్టారు. అది మోగుతుంటే ఎవరో కోడి గొంతు నులుముతున్నట్టు ఉంటుందని ఆయన అభిప్రాయం. ఎవరడిగినా ఆ మాట చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

"నీ చెయ్యి గంట కొట్టుకుంటే కొట్టుకోనీ, కాపీ మాత్రం ఒలకబోయొద్దు" అంటుంది భార్య నాగవేణి.

వాళ్లది రైల్వేస్టేషను వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందర రేకుల వసారా, వసారాలో నవారు మంచం, మంచం పక్కన తులసి కుండీ. అటెండరు పింఛను ఏపాటిదో అందరికీ తెలిసిందే. దానితో మేడలు లేవవు, అలాగని పొయ్యీ ఆరదు. పొద్దున సంగటీ ఊరిబిండీ, మధ్యాహ్నం అన్నం చారు, రాత్రికి మిగిలినదేదో. రేణిగుంటలో కాపురం ఉంటున్న కూతురు నెలకోసారి వచ్చి, వాళ్లమ్మతో పోట్లాడి, నవ్వుకుంటూ పోతుంది. మనసు పుట్టినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ ప్యాసింజరు రైలెక్కి తిరుపతికి పోయి, గోవిందరాజస్వామి గుళ్లో కాసేపు కూర్చుని, బయట మల్లెపూలూ వేయించిన చెనక్కాయలూ కొనుక్కుని సాయంత్రం రైలుకు తిరిగి వస్తారు. ఆ రాత్రి ఇల్లంతా మల్లెపూల వాసన, మర్నాడు పొద్దున కుప్పయ్య చొక్కా జేబు నిండా చెనక్కాయ పొట్టు. ఈ పొట్టు విషయంలో నలభై ఏళ్లుగా తగువు నడుస్తోంది. తీర్పు రాలేదు, రాదు.

"మద్దేనం అన్నం తిని, ఎవురికీ చెప్పకుండా పండుకోని నిద్రపోయేవాడే భాగ్యవంతుడప్పా" అని మంగలి అంగడి దగ్గర పేపరు చదివేవాళ్లకు కుప్పయ్య ఉపన్యాసం ఇస్తుంటాడు. ముప్పైమూడేళ్లు పీరియడు పీరియడుకీ లేచి నిలబడ్డ మనిషి కాబట్టి ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

అన్నీ బాగున్నాయి గానీ ఆయనకొక తిక్క. ఎవరినీ ఏదీ అడగడు. పక్కింటి గోడ మీంచి కరివేపాకు కొమ్మ వీళ్ల వసారాలోకే వంగి ఉంటుంది. ఒక్క రెబ్బ తుంచడు, తుంచనివ్వడు. అంగడికి పోయి కొనుక్కొస్తాడు. వసారా రేకు కారితే ఎదురింటివాళ్ల నిచ్చెన అడగడానికి నోరు రాక, బల్ల మీద కుర్చీ వేసి ఎక్కి, కుర్చీతో సహా కింద పడ్డాడు. పుత్తూరులో ఉండబట్టి సరిపోయింది. విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకోవడానికి మాత్రం ఈ ఊళ్లో వెతుక్కోనక్కర లేదు.

అలాంటి మనిషి ఏడాదికి నాలుగైదు శనివారాలు నుదుట నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు చేతబట్టుకుని, వీధిలో అడుక్కోవడానికి బయల్దేరతాడు.

ఈ పక్క పుట్టినవాళ్లకు ఇది వింత కాదు. అరవం లెక్కన వచ్చే పెరటాసి నెలలో, శనివారాల పూట, ఏడుకొండలవాడికి తళిగ వేసే ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. తళిగ అంటే విస్తరి పరిచి స్వామికి అన్నం పెట్టడం. ఆ అన్నానికి బియ్యం మాత్రం ఇంటి డబ్బాలోంచి తీయకూడదు. కోటీశ్వరుడైనా సరే, చెంబుకు నామం పెట్టి, తులసిమాల చుట్టి, గడప ముందు నిలబడి "గోవిందా" అని అడిగి తెచ్చుకోవాలి. మూడిళ్లు ఆనవాయితీ, మొక్కు పెద్దదైతే ఐదు. ఇంటికి చారెడు. అహంకారం తగ్గడానికి పెద్దలు చేసిన ఏర్పాటు అంటారు. మూడిళ్లతో ఎంత తగ్గుతుందో స్వామికే తెలియాలి.

కుప్పయ్య మూడిళ్లే. మూడో చారెడు చెంబులో పడ్డాక, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేస్తాడు. ఒకసారి నాలుగో ఇంటామె తనంత తానే చేటలో బియ్యం పట్టుకుని గడప మీద నిలబడి పిలిచినా, వినపడనట్టు నడిచిపోయాడు. ఆమె ఇప్పటికీ ఆయనకు చెవుడు అనుకుంటోంది. ఎందుకయ్యా అంత పంతం అని నాగవేణి అడిగితే "ఆనవాయితీ" అనేవాడు.

ఆనవాయితీ కాదు. వాళ్లమ్మ.

వాళ్లమ్మ సిద్ధమ్మకు మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోవాడు పుట్టగానే చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరి బిడ్డనో ఏరుకున్నట్టు ఎత్తుకొచ్చి, కుప్పయ్య అని పేరు పెట్టింది. కుప్పలో దొరికినవాడి జోలికి యముడు రాడని నమ్మకం. యముడు రాలేదు గానీ, వాడికి తొమ్మిదేళ్లప్పుడు కరువు వచ్చింది. నారాయణవనం పక్కన వాళ్ల పల్లెలో వరసగా రెండేళ్లు చెనక్కాయ చేలు మొలక దశలోనే మాడిపోయాయి. నాయన కూలి వెతుక్కుంటూ మద్రాసు వైపు పోయాడు. ఆ ఏడు పెరటాసి నెలలో సిద్ధమ్మ కొడుకు నుదుట నామం పెట్టి, చెంబు వాడి చేతికిచ్చి, తాను జోలె భుజాన వేసుకుని బయల్దేరింది.

మూడిళ్లు దాటాయి. ఐదు దాటాయి. తమను ఎరిగినవాళ్లు లేని వీధులు చూసుకుని నడిచింది. ఒక్కో వీధిలో మూడిళ్లు అడిగి, చెంబులోని బియ్యం జోలెలోకి ఒంపి, పక్క వీధికి పోయేది. కుప్పయ్యకు అప్పటికే ఎక్కాలు వచ్చు. అదే వాడి ప్రాణం మీదికి వచ్చింది. వేళ్లు మడిచి లెక్కపెట్టేవాడు. పద్నాలుగు. పంతొమ్మిది. ఒక శనివారం ఇరవైఆరు. మొక్కు పేరు పెట్టుకుని ఆకలే వీధిలో తిరుగుతోందని ఆ వయసుకే వాడికి తెలిసిపోయింది. శనివారం తెచ్చిన బియ్యం గురువారం దాకా వచ్చేవి.

నారాయణవనం కోవెల వీధిలో పంకజాక్షమ్మ గారని ఒకావిడ ఉండేది. స్వామి సేవ చేసుకునే వైష్ణవ కుటుంబం. వాళ్లూ ఉన్నవాళ్లేమీ కాదు. మిగతా ఇళ్లవాళ్లు చారెడు వేసి లోపలికి పోయేవాళ్లు. "ఇది ఎన్నో ఇల్లే నీకు?" అని వెకిలిగా నవ్వినవాళ్లూ ఉన్నారు. పంకజాక్షమ్మ గారు మాత్రం మొదటి వారమే పేరు తెలుసుకుని, ఆ తర్వాత జోలె వైపు కన్నెత్తి చూడకుండా, సిద్ధమ్మ మొహంలోకి చూసి అడిగేది.

"మాది మూడో ఇల్లేనా సిద్ధమ్మా?"

"మూడోదేనమ్మా."

"అయితే మా అదృష్టం" అని చారెడు కాదు, అరపడి గిన్నె నిండా బియ్యం తెచ్చి పోసేది.

"ఇది పదహైదోది గదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పినావు?" అని కుప్పయ్య దారిలో వాళ్లమ్మను నిలదీశాడు.

"ఆయమ్మకు తెలుసు నాయనా" అంది సిద్ధమ్మ. "తెలిసే అడుగుతాది."

అని, వీధి మలుపు తిరగగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నవ్విన గడపల ముందు ఏడవని మనిషి, మర్యాదగా అడిగిన గడప దాటాక ఏడ్చింది. కుప్పయ్య ఆ ఏడుపు మరిచిపోలేదు. బడిలో ఉద్యోగం వచ్చిన ఏడాది తానే చెంబు పట్టుకుని పోయి, మూడిళ్లలో అడిగి, ఇంటికి వచ్చి "అమ్మా, మూడే" అని వాళ్లమ్మ ముందు పెట్టాడు. సిద్ధమ్మ ఆ చెంబు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రోజు నుంచి కుప్పయ్యకు నాలుగో గడప నిషేధం. నాలుగో గడప అంటే ఆకలి, నాలుగో గడప అంటే వీధి మలుపులో అమ్మ.

ఈ ఏడు పెరటాసి మూడో శనివారం నాడు చిక్కు వచ్చింది. ఏటా అడిగే మూడిళ్లలో ఒకటి కూలగొట్టారు, అపార్టుమెంటు కడతారట. రెండో ఇంట్లో పెద్దాయన పోయి మైల. మైల ఇంటి బియ్యం తళిగకు పనికిరావు. మూడో ఇంటామె కూతురి పురుడుకని శ్రీకాళహస్తి పోయింది, తలుపుకు తాళం. కుప్పయ్య చెంబు పట్టుకుని కాసేపు వీధిలో దిక్కులు చూసి, రైలుగేటు దాటి అవతల కొత్తగా వెలసిన కాలనీలోకి నడిచాడు.

మొదటి ఇల్లు ఆడపిల్లల హాస్టలు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే పిల్లలు, ఏ రాష్ట్రం వాళ్లో ఏమో. తలుపు తీసిన పిల్ల నామం చూసి, చెంబు చూసి, భక్తిగా రెండు చేతులూ జోడించి, తలుపు వేసేసింది. రెండో ఇంటి గేటు పక్కన గోడకు ఒక పెట్టె ఉంది. దానిలోంచి ఎవరో గొంతు వినిపించింది. "గోవిందా" అన్నాడు కుప్పయ్య పెట్టెతో. "మేమేం ఆర్డరు పెట్టలేదండీ" అంది పెట్టె. మూడో ఇంట్లో ఒక పిల్లగాడు "చిల్లర లేదు తాతా, ఫోన్లో పంపనా?" అన్నాడు. బియ్యం అని చెబితే "మేం వండుకోం తాతా" అని నిజంగానే బాధపడ్డాడు. నాలుగో ఇంట్లో ఒక ముసలామె మాత్రం "వస్తా ఉండా స్వామీ, పోవద్దు" అని కేకలు పెడుతూ వచ్చి, చారెడు వేసి, చెంబుకు దండం పెట్టుకుంది. ఐదో ఇంటికి తాళం. ఆరో ఇంట్లో కుక్క. ఏడో ఇంట్లో ఇచ్చారు. ఎనిమిది దగ్గర వాచ్‌మన్ కర్ర ఎత్తి, "అడుక్కునేవాళ్లు లోపలికి రాగూడదు, పో పో" అన్నాడు. తొమ్మిదో గడప ముందు మూడో చారెడు పడింది.

'ఇచ్చినవే ఇళ్లు. ఇవ్వనివి గోడలు. మూడే లెక్క' అని కుప్పయ్య మనసుకు సర్ది చెప్పుకున్నాడు. అయినా లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది. ఆ వీధి మొదట్లో టీ బంకు ముందు ఒక మనిషి, భుజాన సంచీ, చేతిలో టీ గ్లాసు, తాగకుండా తనవైపే చూస్తూ నిలబడ్డాడు. రాత్రి డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వచ్చినవాడిలా ఉన్నాడు. కుప్పయ్య పోల్చుకోలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున ఆ మనిషే స్కూటరు మీద ఇంటి ముందు దిగాడు. స్కూటరు ముందు భాగంలో ఇరవైయైదు కిలోల బియ్యం సంచీ.

"కుప్పయ్యన్నా, బాగుండావా? నేను బాలచంద్రను. తొంభై ఎనిమిది బ్యాచీ."

కుప్పయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ముందు వైపు బట్టతల వచ్చింది గానీ, ఆ కోల మొహం, ఆ నిక్కిన చెవులు బడినాటివే. "ఓరి నీ పాసుగూల! బాలా! రా రా, కూర్చో. మే నాగవేణీ, కాపీ పెట్టు" అని సంబరపడిపోయాడు. శ్రీసిటీలో ఏదో కంపెనీలో సూపర్‌వైజరట. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడట. వాళ్లమ్మ వసంతమ్మ కూడా తన దగ్గరే ఉందట. బడి మాటలు, అయ్యవార్ల మాటలు, రైలుపట్టా గంట మాటలు. పాత పిల్లలు వస్తే కుప్పయ్యకు వయసు ముప్పై ఏళ్లు వెనక్కి పోతుంది. కాఫీ అయ్యాక బాలచంద్ర లేచి, స్కూటరు మీది సంచీ తెచ్చి, వసారాలో గోడవార దించాడు.

"ఏందప్పా ఇది?"

"బియ్యమన్నా. ఏమీ అనుకోవద్దు. ఇంట్లో ఉంచుకో. నెలనెలా నేను తెచ్చి పడేస్తా. ఎవురికీ తెలియదు."

కుప్పయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"ఎవురు చెప్పినార్రా నీకు, కుప్పయ్య పస్తుండాడని?"

"ఎవురూ చెప్పలే. నేనే సూసినా."

"ఏం సూసినావు? తళిగ బియ్యానికి పోయినా. పెరటాసి శనివారం చెంబు పట్టుకోని పోతే అడుక్కునేవాడా? ఈ నేలలో పుట్టినోడివి, నీకు తెలీదా?"

"తెలుసన్నా. తెలిసే వచ్చినా." బాలచంద్ర తల వంచుకున్నాడు. "మొక్కయితే మూడిండ్లు. పెద్ద మొక్కయితే ఐదు. నువ్వు తొమ్మిది గడపల ముందర నిలబడినావు. నేను లెక్కబెట్టినా."

ఆ 'లెక్కబెట్టినా' అన్న మాట కుప్పయ్యకు నిప్పురవ్వలా తగిలింది. తర్వాత తానేం అన్నాడో తనకే సరిగా గుర్తు లేదు. ఒకటో తేదీ పింఛను పడుతుందన్నాడు. ఈ చెయ్యి ఎవరి ముందూ చాచలేదన్నాడు. పక్కింటి కరివేపాకు కూడా ముట్టుకోనన్నాడు, అది నిజమే. ఆరు ఇళ్లలో ఇవ్వలేదని మాత్రం చెప్పలేదు. సంజాయిషీ చెప్పుకోవడం కూడా ఒక రకం అడుక్కోవడంలానే అనిపించింది. చివరికి "ఎత్తుకో నీ సంచీ, బయటికి పో" అన్నాడు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి చూశారు.

బాలచంద్ర సంచీ ఎత్తుకున్నాడు. స్కూటరు మీద పెట్టి, ఎక్కబోతూ ఆగి, వెనక్కి వచ్చాడు.

"అన్నా, మాయమ్మ కూడా మూడుతో నిలిపేది కాదు. నాయన పోయినాక ఆ మూడేండ్లూ ఆమె వెనకాల చెంబు పట్టుకోని తిరిగినోణ్ణి నేను. అందుకే లెక్క నాకు బాగా వస్తాది. ఆడి నుంచి బడికి ఉరికి వస్తాంటే రెండో గంట నాకోసరం ఆగేది. నువ్వు నాపక్క సూసి, తెలీనట్టు తల తిప్పుకోని, నేను గేటు దాటినాకనే కొట్టేవాడివి. నాకు తెలీదనుకుంటివా? ఒక్క దినం కూడా నన్ను ఏమని అడగలే నువ్వు. నేనూ నిన్ను అడగకుండానే తేవాలనుకున్నా. నాకు తెచ్చే తీరు తెలీలేదు, అంతే."

స్కూటరు సందు మలుపు తిరిగిపోయింది. కుప్పయ్య మంచం మీద కూలబడ్డాడు.

ఆ శనివారాలు ఆయనకూ గుర్తున్నాయి. తొమ్మిదింపావుకు మొదటి గంట, పది నిమిషాలకు రెండో గంట. రెండో గంట పడితే గేటు మూస్తారు, ఆలస్యమైనవాళ్లు ఎండలో నిలబడాలి. పెరటాసి శనివారాల్లో ఒక ఆరో తరగతి పిల్లవాడు స్టేషను వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. నుదుట సగం చెరిపేసుకున్న నామం, క్రాపులో ఒకటో రెండో బియ్యపు గింజలు. మూడిళ్లకైతే పిల్లవాడికి అంత ఆలస్యం కాదు. కుప్పయ్యకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. కడ్డీ ఎత్తి పట్టుకుని, వేపచెట్టు మీది కాకులను చూస్తూ నిలబడేవాడు.

"ఏం కుప్పయ్యా, నీ వాచీకి శనివారం శనివారం నిద్రొస్తుందా?" అనేవాడు హెడ్మాస్టరు.

"కీ ఇచ్చేది మరిచిపోయినా సార్."

ఒకసారి మెమో కూడా ఇచ్చారు. విధి నిర్వహణలో అలసత్వం అని రాసి ఉంది. కుప్పయ్య సంతోషంగా సంతకం పెట్టాడు. తన ఉద్యోగం మొత్తంలో తాను చేసిన మంచిపని అదొక్కటేనని ఆయన లోలోపలి నమ్మకం. అది ఎవరికీ తెలియదని కూడా నమ్మకం.

నాగవేణి వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకయ్యా అట్ల అరిచినావు ఆ పిల్లగాని మింద?"

అప్పుడు చెప్పాడు. చెత్తకుప్ప దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఇరవైఆరు గడపలు, పంకజాక్షమ్మ గారి అరపడి, వీధి మలుపు, నిన్న వాచ్‌మన్ ఎత్తిన కర్ర దాకా అన్నీ చెప్పాడు. నలభై ఏళ్ల కాపురంలో చెప్పని మాటలు. నాగవేణి కొంగుతో ఆయన కళ్లు తుడిచింది. కానీ నాగవేణి కదా, తుడిచి ఊరుకోలేదు.

"మీయమ్మ తీసుకునింది. తీసుకోని నిన్ను బతికిచ్చింది. ఆమె చెయ్యి తక్కువదై పోయిందా?"

"నేనట్ల అన్లేదే."

"నోటితో అన్లేదు. నలబై ఏండ్లుగా మూడో ఇంటికాడ తిరుక్కోని వస్తావుండావే, ఆ నడక అంటాది. మా అమ్మ పోయిన తావుకు నేను పోను అని." ఆమె వాకిలి వైపు చెయ్యి చూపించింది. "ఆ పిల్లగాడు నీకు ఆకలని ఇయ్యలేదయ్యా. ఎన్నో ఏండ్లుగా ఇయ్యాలని మనసులో పెట్టుకోని, ఒక సాకు దొరికితే వచ్చినాడు. నువ్వు వాకిలి మూసినావు. ఆ కాలనీలో కర్ర ఎత్తినాడే వాచ్‌మన్, వానికీ నీకూ తేడా ఏముండాది?"

వారం రోజులు కుప్పయ్యకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. భాగ్యవంతుడి లెక్క తప్పింది. మంగలి అంగడికి పోయినా పేపరు తిప్పడమే గానీ చదవడం లేదు. తనకు ఏమీ తక్కువ లేదు. ఉన్నదానితో తృప్తిగా ఉన్నాడు, అది అబద్ధం కాదు. కానీ ఆ తృప్తికి చుట్టూ ఇంత ఎత్తు గోడ ఎప్పుడు కట్టుకున్నాడో తనకే తెలియలేదు. కరివేపాకు కొమ్మ వసారాలోకి వంగి అలాగే ఉంది. గురువారం నాడు, ఎవరూ చూడకుండా కాదు, పక్కింటామెను పిలిచి మరీ, "అమ్మా, రెండు రెబ్బలు తుంచుకుంటా" అన్నాడు. ఆమె ఆశ్చర్యం నుంచి తేరుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

పెరటాసి ఆఖరి శనివారం వచ్చింది. ఆ రోజు తళిగ పెద్దది. నాగవేణి తెల్లవారకముందే లేచి పులిహోరకు చింతపండు నానబెట్టి, బెల్లం కలిపి పిండి దీపం సిద్ధం చేసింది. కుప్పయ్య తలస్నానం చేసి, నామం పెట్టుకుని, చెంబుకు తులసిమాల చుట్టి బయల్దేరాడు. శ్రీకాళహస్తి పోయినామె తిరిగి వచ్చింది, మనవరాలి ఫోటో చూపించి చారెడు వేసింది. మైల తీరిన ఇంట్లో రెండో చారెడు. కూలగొట్టిన ఇంటివాళ్లు పక్క వీధిలో అద్దెకున్నారు. వెతుక్కుంటూ పోతే, ఇంత దూరం వచ్చినందుకు సంతోషపడి మూడో చారెడు వేశారు. 

మూడు అయ్యాయి. కుప్పయ్య వీధిలో నిలబడ్డాడు. ఎడమవైపు పోతే ఇల్లు. కుడివైపు రైలుగేటు.

గేటు పడి ఉంది. తిరుపతి ప్యాసింజరు పోయేదాకా నిలబడాల్సి వచ్చింది. వెనక్కి తిరగడానికి ఆయనకు ఆ కాస్త టైము చాలు, కాళ్లు కూడా అందుకు తయారుగానే ఉన్నాయి. కానీ గేటు లేచింది. కొత్త కాలనీలో మూడో వీధి, చివర నీలంరంగు ఇల్లు. టీ బంకువాడు దారి చెప్పాడు. గడప ముందుకు వచ్చేసరికి మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లవాడైపోయాడు. చెంబు చాచాడు.

"గోవిందా!"

లోపల మంచం మీద కూర్చున్న ముసలామె గోడ పట్టుకుని లేచింది. వసంతమ్మ. వెనకాల గది గుమ్మంలో బాలచంద్ర బనీనుతో వచ్చి, కుప్పయ్యను చూసి, ఉన్నచోటనే నిలిచిపోయాడు. వసంతమ్మ కొడుకు వైపు చూడలేదు. చెంబులో అప్పటికే మూడు చారెళ్ల బియ్యం తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. ఆమె చెంబు వైపూ చూడలేదు. కుప్పయ్య మొహంలోకి చూసి అడిగింది.

"మాది మూడో ఇల్లేనా అన్నా?"

ఆ మాట ఆమె ఎక్కడ విన్నదో కుప్పయ్య అడగలేదు. కోవెల వీధి పంకజాక్షమ్మ గారు చాలా ఏళ్లు బతికింది. ఎన్ని జోలెలు ఆ గడప ముందు ఆగాయో, ఎంతమందిని ఆమె ఆ మాట అడిగిందో. కుప్పయ్యకు కళ్లు మసకబారాయి. ముప్పైమూడేళ్లు గంట కొట్టినవాడు, లెక్క తప్పనివాడు, వాళ్లమ్మ చెప్పిన అబద్ధమే చెప్పాడు.

"మూడోదే తల్లీ."

"అయితే మా అదృష్టం" అని వసంతమ్మ లోపలికి పోయి, కొడుకు చేతికి అరపడి గిన్నె ఇచ్చి పంపింది. బాలచంద్ర రెండు చేతులా గిన్నె పట్టుకుని వచ్చి ఒంచాడు. చెంబు నిండింది. ఇంకా ఒంచుతూనే ఉన్నాడు. బియ్యం చెంబు అంచు దాటి కుప్పయ్య చేతుల మీద, పంచె మీద పడుతున్నాయి. కుప్పయ్య చెంబు వెనక్కి తీసుకోలేదు.